అరవై మూడు పేర్లు, ఒకే చేతిరాత

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున టాయిలెట్లో కూచుని క్యాలెండర్ కాగితం తిప్పడం నా పని. మా ఆమ్‌స్టర్‌డామ్ వైపు అందరిళ్ళలోలాగే మా పుట్టినరోజుల క్యాలెండర్ కూడా టాయిలెట్ తలుపుకు లోపలివైపు వేలాడుతుంది. దానికి వారాలుండవు, సంవత్సరం ఉండదు. తేదీలూ వాటి పక్కన పేర్లూ, అంతే. ఒకసారి రాసుకుంటే జన్మంతా పనికొస్తుంది. మాది పెళ్ళయిన కొత్తలో కొన్నది, ఇరవై ఒక్కేళ్ళయింది. అందులో అరవై మూడు పేర్లున్నాయి. నలభై ఏడుగురు మా ఆయన హార్మెన్ తరఫు వాళ్ళు, పదకొండు మంది మా వాళ్ళు, మిగతా ఐదుగురు ఇరుగుపొరుగు. అరవై మూడూ నా చేతిరాతే. హార్మెన్ కూడా రోజూ దాని ఎదురుగానే కూచుంటాడు, పైగా తీరిగ్గా, పేపరు పట్టుకుని. అయినా సొంత మేనత్త పుట్టినరోజు ఎప్పుడో అతనికి ఇవాళ్టికీ తెలియదు. ఆ తారీఖుకు కార్డు కొనేదీ, కింద అతని సంతకం కూడా గిలికేసి పోస్టు చేసేదీ నేనే.

ఆ రోజు మే కాగితం తిప్పి జూన్‌లోకి వచ్చాను. పద్నాలుగో తారీఖు దగ్గర 'కొర్నేలియా' అని ఉంది. మా అత్తగారు. ఈసారి డెబ్భై ఐదు నిండుతాయి. ఆవిడ ఫ్లాటు చిన్నది, అందుకని వేడుక మా ఇంట్లోనే, మధ్యాహ్నం రెండింటికి, హాల్లో ఇరవై రెండు కుర్చీలు గుండ్రంగా వేసి. అంతలో చేతిలో ఫోను మోగింది. డిపార్ట్‌మెంటు నుంచి మెయిలు. నా వైవా ఖాయమైంది, జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ ఫోను వంకా ఈ క్యాలెండర్ వంకా చూస్తూ అక్కడే కూచుండిపోయాను. బయటినుంచి మా అమ్మాయి ఫెమ్కె తలుపు బాదింది, "అమ్మా, ఇంకెంతసేపు? నాకు స్కూలు టైమైపోతోంది!" అని.

కిందికి దిగేసరికి హార్మెన్ రొట్టె మీద వెన్న రాసి చాక్లెట్ పలుకులు చల్లుకుంటున్నాడు. విషయం చెప్పాను.

"అయ్యో," అన్నాడు. "మార్పించుకో మరి."

"కుదరదు. రెండో పరీక్షకుడు పదిహేనున విమానం ఎక్కేస్తున్నాడు. మళ్ళీ సెప్టెంబరు దాకా రాడు."

"అయితే సెప్టెంబరులో పెట్టుకో. కొంపలేం మునిగాయి?"

"సెప్టెంబరు ఒకటిన పీహెచ్‌డీలో చేరాలి హార్మెన్. జూన్ దాటకుండా పాసైతేనే ఆ సీటు. లేకపోతే నా వెనక ఉన్నవాడికి ఇచ్చేస్తారు. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఒక్క పరీక్షే కదా బంగారం. అమ్మకు డెబ్భై ఐదు మళ్ళీ వస్తాయా?"

మరి నాకు నలభై ఐదు మళ్ళీ వస్తాయా? ఆ మాట కాఫీతోపాటు మింగేశాను. "నువ్వు లేకపోతే ఎలా? అందరూ నిన్నే అడుగుతారు," అన్నాడు. "నన్ను కాదు, కాఫీ అడుగుతారు," అన్నాను. జోకనుకుని నవ్వాడు.

హార్మెన్ చెడ్డవాడు కాదు. ఈ మాట నేను చాలామంది దగ్గర చాలాసార్లు అన్నాను, ఎవరూ అడగకపోయినా. గట్లూ కాలువలూ చూసే ఆఫీసులో ఇంజనీరు. తాగి వచ్చేది లేదు, గొంతెత్తేది లేదు. ఏ పనికైనా అతని జవాబు ఒకటే, "చెబితే చేస్తాను కదా." పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని ఎంత మంచివాడు దొరికాడో అనుకుని మురిసిపోయాను. చెప్పాలంటే ముందు నాకు గుర్తుండాలి. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో అరవై మూడు మంది గురించీ తలలో పెట్టుకుని తిరగాలి, ఆ తర్వాత సమయం చూసి, చిరాకు పడకుండా, మెల్లిగా చెప్పాలి. ఆ గుర్తుండటమే అసలు పని అని అతనికి ఒక్కనాడూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు, న్యాంబురా అనే ఆమె అడిగేదాకా.

దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. పద్నాలుగేళ్ళు నేను ఒక పూల కంపెనీలో వారానికి మూడు రోజులు పనిచేశాను. పిల్లలున్న ఆడవాళ్ళందరం అలాగే మూడు రోజులు చేస్తాం, మిగతా రెండు రోజులు 'ఖాళీ'గా ఉంటాం. కెన్యా నుంచి విమానంలో దిగే గులాబీ పెట్టెల కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. ఎక్కడో సరస్సు పక్కన కోసిన పువ్వు ఎల్లుండికల్లా మా హార్లెమ్ వీధి చివర బకెట్లో ఎందుకుంటుంది, ఎప్పుడు కోయాలో ఎంతకు అమ్మాలో అక్కడివాళ్ళు కాక ఇక్కడివాళ్ళు ఎందుకు చెబుతారు, అన్న ప్రశ్న ఆ కాగితాల మధ్యే పుట్టింది. నలభై మూడో ఏట ఉద్యోగం మానేసి పీజీలో చేరాను. సబ్జెక్టు అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం. ఆ పేరు మొదటిసారి ఒక పుట్టినరోజున, కుర్చీల గుండ్రంలో కూచుని, మోకాలి మీద కేకు ప్లేటు పెట్టుకుని చెప్పాను. హార్మెన్ వాళ్ళ బాబాయి పకపకా నవ్వాడు. "ఇంట్లో రాజకీయాలు చాలకనా అమ్మాయ్, అంతర్జాతీయం దాకా వెళ్ళావు?" అందరూ నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "రోజూ వార్తల్లో చెప్పేవే కదా, ఫీజు కట్టి మరీ వినాలా?" అంది. నేనూ నవ్వేసి ఖాళీ ప్లేట్లు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళాను.

యూనివర్సిటీలో మాత్రం ఏం ఒరిగింది? క్లాసులో అందరికీ ఇరవై మూడేళ్ళు. గ్రూపుగా పని చేయాల్సి వచ్చినప్పుడల్లా, "నోట్స్ నువ్వు రాస్తావా రెన్స్కె? నీకు ఓపిక ఎక్కువ," అనేవాళ్ళు. ఒక సెమిస్టరంతా రాశాను. వాళ్ళు వాదించుకుంటారు, నేను రాస్తాను. చివరికి ఆ వాదనలన్నీ వాళ్ళవిగానూ, ముచ్చటైన చేతిరాత నాదిగానూ మిగిలింది. రెండో సెమిస్టరు మొదటి రోజున పెన్ను బల్ల మీద పెట్టి, "ఈసారి నేను మాట్లాడతాను, మీలో ఎవరైనా రాయండి," అన్నాను. ఎవరూ కదల్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా చెయ్యి పెన్ను వైపు పోతుంటే ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను. మూడు నిమిషాలయ్యాక ఒకడు లాప్‌టాప్ తెరిచాడు. ఆ మూడు నిమిషాలు ఓర్చుకోవడం పుస్తకాల్లో ఎవరూ నేర్పలేదు.

న్యాంబురా కెన్యాలో, గులాబీల షెడ్డులో కట్టలు కట్టే మనిషి. థీసిస్ కోసం ఆదివారాలు ఆమెతో ఫోనులో మాట్లాడేదాన్ని. ఎప్పుడు పని ఎక్కువ అని అడిగితే, "మీ అమ్మల పండగ ముందు రెండు వారాలు," అంది. "తెల్లారకముందే వెళ్ళి పొద్దుపోయాక వస్తాం. ఇల్లు మా పెద్దపిల్ల చూస్తుంది. దానికి పన్నెండేళ్ళు. అక్కడ ఎవరో అమ్మకు పూలిస్తారని ఇక్కడ మా పిల్లలు అమ్మ మొహం చూడరు మేడమ్." నేను తల దించుకుని రాసుకుంటున్నాను. అప్పుడు ఆమే నన్ను అడిగింది. "ఒక్కటి చెప్పండి. అంతమంది జనానికి అన్ని తేదీలు ఎవరు గుర్తుచేస్తారు?"

"దుకాణాల్లో ప్రకటనలుంటాయి."

"సరే, అమ్మల పండక్కి ఉంటాయి. ఏడాది పొడుగునా పోతుంటాయే పూలు, ఎవరెవరి పుట్టినరోజులకో? వాటికి కూడా ప్రకటనలుంటాయా?"

ఫోను పెట్టేసి టాయిలెట్‌కి వెళ్ళాను. కూచున్నాను. ఎదురుగా నా చేతిరాత. అయ్య బాబోయ్, అనుకున్నాను. మూడు వందల పుస్తకాలు తిరగేశాను, తోట నుంచి దుకాణం దాకా ఎన్ని బాణం గీతలు గీశాను! చివరి గీత వచ్చి ఆగేది ఇక్కడ, ఈ తలుపు మీద.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఎవరింటికి వెళ్ళినా టాయిలెట్ అడిగాను. లోపల గడియ పెట్టుకుని పన్నెండు నెలలూ ఫోటో తీసుకునేదాన్ని. చుట్టాలు, స్నేహితులు, ఫెమ్కె స్నేహితుల ఇళ్ళు, దంతవైద్యుడి ఇల్లు కూడా. ఒకసారి అత్తగారి ఫ్లాటులో వెళ్ళి ఇరవై నిమిషాలకు గానీ బయటికి రాలేదు. వచ్చేసరికి అత్తగారూ ఆడపడుచు మార్లీసూ మాటలు ఆపేశారు.

"రెన్స్కె, దాచుకోవాల్సిందేం లేదు," అంది అత్తగారు గొంతు తగ్గించి. "షుగరేమో, చూపించుకోకూడదూ?"

"ఇప్పుడు మంచి మందులొచ్చాయి వదినా," అంది మార్లీస్, నా చెయ్యి నిమురుతూ.

మొత్తం నలభై ఇళ్ళు. ముప్ఫై ఏడింటిలో రాత ఆ ఇంటి ఆడమనిషిది. మూడింటిలో మగవాళ్ళది, ఆ ముగ్గురూ తమ పేరు కూడా రాసుకున్నారు, ఒకాయనైతే ఎర్రసిరాతో. ఆ ముప్ఫై ఏడు మంది ఆడవాళ్ళలో ముప్ఫై నాలుగు మంది తమ పేరు రాసుకోలేదు. అత్తగారి క్యాలెండర్‌లో ఎప్పుడో పోయిన మామగారి పేరు పక్కన చిన్న శిలువ గుర్తుంది, మా నాన్న పేరు పక్కన కూడా. ఆవిడ నా తండ్రిని కూడా రాసి పెట్టుకుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. మార్లీస్‌ని అడిగితే, "ఎవరి పుట్టినరోజు వాళ్ళకి గుర్తుంటుందిగా, రాయడమెందుకు?" అంది. ఇంటికొచ్చి మా క్యాలెండర్‌లో నవంబరు తీసి చూశాను. నేను పుట్టింది నవంబరు మూడున. రెండున హార్మెన్ వాళ్ళ పెద్దమ్మ, నాలుగున అతని స్నేహితుడు. మధ్యలో మూడు ఖాళీ. కిందటేడు ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఫెమ్కె ఫోను చేసి చెబితే, హార్మెన్ స్టేషన్లో దొరికిన గులాబీలు పట్టుకొచ్చాడు. అవి ఏ తోటవో కాగితం చూసి నేనే చెప్పగలను.

ఇదంతా చూసి మా గైడ్ డాక్టర్ ఆల్బర్ద కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అరవైకి దగ్గరపడిన మనిషి, పొగడ్త తెలియని మనిషి. "ఇది లేకపోతే నీ థీసిస్ అందరూ రాసేదే. ఇది నువ్వు తప్ప ఎవరూ రాయలేరు. ముందు అందరి దగ్గరా అనుమతి తీసుకో," అంది. నలభై ఇళ్ళకూ ఉత్తరాలు రాశాను, పేర్లు కనపడనివ్వనని మాటిచ్చాను. ముప్ఫై తొమ్మిది సంతకాలు వెంటనే వచ్చాయి. అత్తగారు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత సంతకం పెట్టి పంపుతూ, "అయితే షుగర్ కాదన్నమాట," అంది.

ఇదీ నా థీసిస్. దీని వైవానే జూన్ పద్నాలుగున వచ్చి పడింది. ఆ రోజంతా ఆలోచించాను. సాయంత్రం హార్మెన్ సైకిలు లోపల పెట్టి చెప్పులు విప్పుతుండగానే అన్నాను, "పద్నాలుగున నేను వైవాకి వెళ్తున్నాను. అత్తయ్య వేడుక ఇక్కడే జరుగుతుంది. చేసేది నువ్వు."

చెప్పులు పక్కకు పెట్టాడు. "సరే. ఏమేం చేయాలో లిస్టు రాసి పెట్టు."

"రాయను."

"అదేమిటి రెన్స్కె? చెబితే చేస్తాను కదా!"

"తెలుసు. అందుకే చెప్పను."

ఆ పదమూడు రోజులూ నా ఒళ్ళు నా మాట వినలేదు. కేకు చెప్పాడో లేదో అడగాలని నాలుక పీకేది. ఎదురింట్లో కుర్చీలు అడిగి పెట్టుకోవాలని కాళ్ళు లాగేవి. అత్తగారు ఫోను చేసింది. "సరిగ్గా నా వేడుక రోజే కుదిరిందా నీ పరీక్ష?"

"నేను పెట్టిన ముహూర్తం కాదత్తయ్యా."

"చదువుకున్నదానివి. ఇక మా కాఫీలూ కేకులూ నీకు నామోషీగా ఉంటాయిలే."

ఫోను పెట్టేశాక ఏడ్చాను. ఇరవై ఒక్కేళ్ళు ఆవిడ పుట్టినరోజుకు కేకు చేసిన చేతులు ఇవి, ఆ మాట అనడానికి ఆవిడకు నోరెలా వచ్చింది? ఏడ్చి, మొహం కడుక్కుని, మూడో అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదివాను.

పద్నాలుగున క్యాలెండర్ని మేకు నుంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. అసలు ప్రతి చూపమని అడగవచ్చని గైడ్ చెప్పింది. వానలో స్టేషన్ దాకా సైకిలు తొక్కి ఆమ్‌స్టర్‌డామ్ రైలెక్కి, ఫోను ఆపేశాను. వైవా గంటకు పైగా సాగింది. రెండో పరీక్షకుడు పొడుగాటి మనిషి, పేజీ పేజీకీ కాగితం ముక్క పెట్టుకుని వచ్చాడు. ధరల గురించి, తోటల గురించి, ఒప్పందాల గురించి అడిగినవన్నీ చెప్పాను. చివర్లో క్యాలెండర్ని అటూ ఇటూ తిప్పి, "ఈ ముప్ఫై ఏడు మంది ఆడవాళ్ళు రేపటినుంచి ఈ పని మానేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"మగవాళ్ళు నేర్చుకుంటారు."

"అంత ఖాయంగా చెప్పగలరా?"

"చెప్పగలను," అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు.

నన్ను వరండాలో కూచోబెట్టి తలుపు వేసుకున్నారు. పది నిమిషాలకు పిలిచారు. పదికి ఎనిమిదిన్నర. డాక్టర్ ఆల్బర్ద నన్ను కావలించుకుని, సెప్టెంబరు ఒకటిన తన గది పక్కన నాకో బల్ల ఉంటుందని చెప్పింది. తర్వాత క్యాలెండర్ చేతిలోకి తీసుకుంది. "పరిశోధన సామగ్రి పదేళ్ళు మా బీరువాలో ఉండాలి, రూలు. ఇంట్లో కావాలిగా, జిరాక్స్ తీయించి ఇవ్వనా?"

"వద్దు," అన్నాను.

రైల్లో ఫోను తెరిస్తే హార్మెన్ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. కాఫీ ఎన్ని చెంచాలు, కేకు కత్తి ఎక్కడ, నాప్‌కిన్లు ఎక్కడ అంటూ మెసేజులు. రెండున్నర తర్వాత ఏమీ లేవు. నేర్చుకున్నాడు, అనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్నాను కూడా.

నాలుగింటికి ఇంట్లో అడుగుపెట్టాను. హాల్లో కుర్చీల గుండ్రం నిండుగా ఉంది. హార్మెన్ తన బాబాయి పక్కన కూచుని బీరు తాగుతూ ఏదో చెబుతున్నాడు. రంగు కాగితాలు చుట్టిన అత్తగారి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. వంటింట్లోకి వెళ్ళాను. మార్లీస్ జున్ను ముక్కలు కోస్తోంది. మా ఫెమ్కె, పదిహేనేళ్ళది, కప్పుల పళ్ళెం ఎత్తుకుని నిలబడింది. సింకు దగ్గర, పట్టు జాకెట్టు చేతులు మోచేతుల దాకా మడిచి, అత్తగారు కప్పులు కడుగుతోంది.

"అత్తయ్యా! మీ పుట్టినరోజున మీరేమిటి?"

"కనపడటం లేదూ? నిన్ను నానా మాటలూ అనుకుంటూ కప్పులు తోముతున్నాను."

"అనండి, పడతాను."

ఆవిడ చేతులు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది. "నువ్వు వదిలేస్తే వాడి మీద పడుతుందనుకున్నావా? పిచ్చిదానా. ముందు మార్లీస్ మీద పడింది. తర్వాత ఈ పిల్ల మీద. ఇదిగో, ఇప్పుడు నా మీద."

ప్రొఫెసర్ల ముందు నేను తప్పు చెప్పి వచ్చిన జవాబును ఆవిడ సింకు దగ్గర నిలబడి సరిదిద్దింది. న్యాంబురా పెద్దపిల్ల గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. ఫెమ్కె పళ్ళెం ఇంకా దించలేదు, ఎప్పటినుంచి మోస్తోందో. తలుపు వెనక నా ఏప్రన్ వేలాడుతోంది. అది తీసి కట్టుకుంటే చాలు, రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, అందరూ హాయిగా ఊపిరి పీలుస్తారు. చెయ్యి అటు పోయింది. వెనక్కి తెచ్చుకున్నాను.

"ఫెమ్కె, ఆ పళ్ళెం కింద పెట్టు. మార్లీస్, కత్తి పెట్టేయి. రండత్తయ్యా." ముగ్గురినీ హాల్లోకి తీసుకెళ్ళాను. అత్తగారిని ఆవిడ కుర్చీలో కూచోబెట్టాను. కిటికీ గట్టు మీద ఫెమ్కెనీ మార్లీస్‌నీ కూచోమని, నేను అత్తగారి పక్కన నేలమీద కూచున్నాను. "హార్మెన్," అన్నాను, అందరికీ వినపడేలాగ. "కాఫీ కావాలి. మా నలుగురికీ."

బాబాయి గ్లాసులోకి చూసుకున్నాడు. హార్మెన్ నా వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. మార్లీస్ లేవబోయింది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. నాకీ మౌనం పాతదే, ఎంతసేపుంటుందో కూడా తెలుసు. చివరికి హార్మెన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. వంటింట్లో ఏదో పగిలిన చప్పుడైంది. మేమెవరం కదల్లేదు.

"ఎంతొచ్చాయి?" అంది అత్తగారు మెల్లిగా.

"ఎనిమిదిన్నర."

ఆవిడ నిటారుగా కూచుంది. "ఏమర్రా, వినపడిందా? మా కోడలికి ఎనిమిదిన్నర! నాకు అభినందనలు చెప్పరేం?" పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళ తల్లికీ చెల్లెలికీ కూడా అభినందనలు చెప్పే జనం మేము. గుండ్రంలో ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే లేచి వచ్చి, నా చదువుకు మా అత్తగారి చెయ్యి పట్టుకుని ఊపారు. బాబాయి అందరికంటే చివర వచ్చాడు, నా చెయ్యి కూడా పట్టుకుని ఊపి వెళ్ళాడు.

హార్మెన్ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. సగం కాఫీ పళ్ళెంలోనే ఉంది. నా కప్పు అందిస్తూ వంగి, "టాయిలెట్లో క్యాలెండర్ లేదు, ఏమైంది?" అన్నాడు. "మేనత్తది వచ్చే వారమా, ఆ పై వారమా?"

"యూనివర్సిటీ బీరువాలో ఉంది. పదేళ్ళ దాకా ఇవ్వరు."

"పదేళ్ళా! మరి అప్పటిదాకా అందరివీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

కాఫీ చేదుగా ఉంది. ఒక్క చుక్క వదలకుండా తాగి కప్పు అతని చేతికే ఇచ్చాను.

"కొత్తది కొనుక్కో," అన్నాను. "ముందు నవంబరు మూడు దగ్గర నా పేరు రాయి."